అక్క కంప్యూటరులో నిమ్మకాయ

"పాపా, నిమ్మకాయ మారిస్తే బొమ్మ వస్తాండాది మే."

ఒక శుక్రవారం పొద్దున మా అక్క పుంగనూరు నుంచి ఫోను చేసి చెప్పిన మాట ఇది. నేను మదనపల్లెలో మా ఇంట్లో కూర్చుని, వాహనాలకు దిష్టి తీసే ఆచారం మీద ఒక పత్రికకు వ్యాసం రాసుకుంటున్నాను. మంచి వేడి మీద ఉన్నాను.

"ఏ నిమ్మకాయక్కా? ఏ బొమ్మ?"

"కంప్యూటర్లో నిమ్మకాయ. కంప్యూటర్లో బొమ్మ. ఇంగేంది?"

నాకు అరవై దాటాయి. ఇన్నేళ్ళూ పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పాను, సభల్లో బాబాలతో వాదించాను, జ్యోతిషులను నిలబెట్టి ప్రశ్నలడిగాను. అయినా అక్కకు నేను పాపనే. మా వైపు ఇంట్లో ఆఖర్న పుట్టిన ఆడపిల్లకు ఆ పిలుపు తల నెరిసినా పోదు.

మా ఇద్దరి వాదం ఇవాళ్టిది కాదు. పెద్దమండ్యం దగ్గర మా పల్లెలో వాన పడక చెనక్కాయ చేలు ఎండిన ఏడాది ఊళ్ళో కప్పలకు పెళ్ళి చేశారు. పావడా కట్టుకునే వయసులోనే నేను వీధిలో నిలబడి, కప్పకు పసుపు పూస్తే మబ్బు ఎట్లా కరుగుతుందని పెద్దవాళ్ళను అడిగి తిట్లు తిన్నాను. అక్క నన్ను గిల్లి, పక్కకు లాగి చెవిలో అంది: "వాన రాకపోతే పోనీ మే, పాయసం వస్తాది కదా." అప్పటి నుంచీ ఆమె పక్షం అదే. నాది ఇదే. నా సభలకు ఆమె వచ్చేది. వెనక బెంచీలో కూర్చుని మొత్తం వినేది. అయిపోయాక సంచిలోంచి బొరుగుల ఉగ్గాని గిన్నె తీసి నా చేతిలో పెట్టి, "బాగా అరిసినావు, తిను" అనేది.

ఈ కంప్యూటరు సంగతి ముందు నుంచి చెప్పాలి.

మా బావకు పుంగనూరు బజారు వీధిలో ఫొటో స్టూడియో ఉంది. చుట్టుపక్కల పల్లెల్లో ఆయన తీయని పెళ్ళి తక్కువ. ఆయన తీసిన వీడియోలను పక్కన కూర్చుని కత్తిరించి అతికే పని ఏళ్ళ తరబడి అక్క చేసింది. బోర్డు మీద మాత్రం ఆయన పేరే ఉండేది. చక్కెర జబ్బు బావ కళ్ళకు పాకింది. మొహాలు మసకగా కనబడుతున్నాయి, కెమెరాలో ఫోకస్ దొరకడం లేదు. స్టూడియో మూసేసి ఆ గదిని సెల్‌ఫోన్ల అంగడికి ఇచ్చేద్దామని తీర్మానించుకున్నాడు. అడగడానికి ఒకాయన వచ్చి కొలతలు కూడా చూసుకుపోయాడు.

అప్పుడు అక్క అడ్డం పడింది. "ఒక్క పెళ్ళి నేను చేస్తాను. తీసేదానికి మనుషుల్ని మాట్లాడుకుంటాను, కూర్చేది నేనే. బాగొస్తే బోర్డు ఉంటాది. రాకపోతే నిచ్చెన నేనే పట్టుకుంటా, నువ్వు ఎక్కి పీకెయ్యి."

బావ ఒప్పుకున్నాడు. ఆ ఒక్క పెళ్ళి కుప్పంలో వచ్చింది. పెళ్ళికూతురి తల్లిదండ్రుల పెళ్ళి కూడా ఒకప్పుడు బావ తీసిందే. ఫలానా ఆదివారం బంధువులంతా మళ్ళీ ఇంట్లో కలుస్తారు, ఆ రోజు మధ్యాహ్నం అందరూ కూర్చుని పెళ్ళి చూడాలి, ఆలోగా ఇవ్వమని వాళ్ళ షరతు. అక్క సరేనంది.

స్టూడియోలోని పాత కంప్యూటరు ఇప్పటి కెమెరాల వీడియోను మోయలేకపోయింది. తాళి కట్టే ఘట్టం నత్తలా నడిచేది. నా కంప్యూటరు నేనే విడిభాగాలు తెచ్చి కూర్చుకున్నదని అక్కకు తెలుసు. "నాకూ ఒకటి చేసి పెట్టు" అంది. మదనపల్లెలో సామాను కొని పుంగనూరు పోయాను. అన్నీ కొత్తవే, పెట్టె తప్ప. ఆ ఇనప పెట్టె బావ మొదటిసారి కొన్న కంప్యూటరుది. మీద స్టూడియో స్టిక్కరు ఉంది. ఎప్పుడో ఆటోలోంచి కిందపడి వెనక రేకు వంగింది. పారేద్దామంటే అక్క వినలేదు.

సామానులో అన్నిటికన్నా ముఖ్యమైంది గ్రాఫిక్స్ కార్డు. స్క్రీను మీద బొమ్మ గీసేది, వీడియో పని బరువంతా ఎత్తుకునేది అదే. మూడు ఫ్యాన్లతో నల్లగా, ఇటుక కన్నా పొడుగ్గా ఉంటుంది. దాని అంచును మదర్‌బోర్డు మీది సన్నటి గాడిలో దిగ్గొట్టి, వెనక రేకుకు రెండు మరలు బిగించాలి. రేకు వంగి ఉంది కాబట్టి ఒక మర ఎక్కింది, రెండోది ఎక్కలేదు. ఒకటి చాలనుకున్నాను. బల్ల మీద పెట్టెను పడుకోబెట్టి ఆన్ చేశాను. బొమ్మ తళతళమని వచ్చింది. సాయంత్రం బస్సుకు తిరిగి వచ్చేశాను.

నేను వచ్చేశాక జరిగింది ఫోనులో తెలిసింది. అక్క పెట్టెను నిలబెట్టింది. పసుపు, కుంకుమ పెట్టింది. కర్పూరం తిప్పింది. అంతటితో ఆగినా నేను ఊరుకునేదాన్ని. పక్క తలుపు తీసి, లోపల ఆ కార్డు కింద ఒక నిమ్మకాయ పెట్టింది.

"సరిగ్గా దాని కిందే యాల పెట్టినావు?"

"అన్నిటికన్నా పెద్దగా, నల్లగా, దర్జాగా అదే కదా ఉండాది. దిష్టి తగిలితే దానికే తగల్తాది."

కంప్యూటరు కొన్నాళ్ళు బాగా నడిచింది. తర్వాత ఒక రోజు ఆన్ చేస్తే ఫ్యాన్లు తిరుగుతున్నాయి, లైటు వెలుగుతోంది, స్క్రీను మాత్రం నల్లగా ఉండిపోయింది. శుక్రవారం వచ్చింది. స్టూడియో గుమ్మానికి నిమ్మకాయ మార్చినట్టే పెట్టెలోనూ పాతది తీసి కొత్తది పెట్టింది. బొమ్మ వచ్చింది. మరుసటి వారం మధ్యలో మళ్ళీ పోయింది. శుక్రవారం కొత్త కాయ పెడితే మళ్ళీ వచ్చింది. అప్పుడు చేసిందే ఆ ఫోను.

నేను మండిపడ్డాను. రాస్తున్న వ్యాసం వేడి అంతా ఆమె మీదికే పోయింది. "అది కాకతాళీయం అక్కా. కాకి తాటిచెట్టు మీద వాలింది, అదే క్షణంలో పండు రాలింది. కాకి వల్ల రాలిందనుకుంటే ఎట్ల?"

అక్క నెమ్మదిగా అంది: "కాకి వాలినప్పుడల్లా పండు పడతాంటే, కాకిని అనుమానించాల్సిందే కదా మే?"

వైరు సరిగ్గా గుచ్చుకో అని చెప్పి పెట్టేశాను.

ఆదివారం ఇంకా నాలుగు రోజులుందనగా మళ్ళీ ఫోను వచ్చింది. ఈసారి గొంతులో వేళాకోళం లేదు. వీడియో ముక్కలన్నీ కూర్చేసింది. మొత్తాన్ని ఒకే సినిమాగా తయారు చేసే ఆఖరి పని పెట్టింది. గంటల తరబడి నడిచే పని అది. సగంలో స్క్రీను ఆరిపోయింది, పని ఆగిపోయింది. ఆరోజు బుధవారం.

"ఈసారి సోమవారం పెట్టిన కొత్త నిమ్మకాయ కూడా రెండు నాళ్ళకే పోయినాది పాపా. బావ ఏమీ అనలా. నిచ్చెన యాడుండాదో సూసుకుంటాండాడు."

పుంగనూరు బస్సు ఎక్కాను.

పెట్టె తలుపు తీయగానే నిమ్మకాయ వాసన కొట్టింది. కార్డు కింద కాయ వాడిపోయి, తోలు ముడతలు పడి ఉంది. దాన్ని తీసి, అక్క చూస్తుండగానే చెత్తబుట్టలో వేశాను. ఒక ఉద్యమం గెలిచినంత సంతోషం కలిగింది. తర్వాత పనిలో పడ్డాను. స్క్రీను వైరు మార్చాను. కరెంటు తీగలు ఊడదీసి మళ్ళీ గుచ్చాను. పక్కింటి వాళ్ళ స్క్రీను తెచ్చి తగిలించాను. నలుపే.

నా బుర్రలో ఒక సిద్ధాంతం మొలిచింది: పుంగనూరు కరెంటు. వోల్టేజి తక్కువై కొత్త కార్డుకు చాలడం లేదు. పెట్టెను మా ఇంటికి తీసుకుపోయి చూస్తానన్నాను.

"పెట్టె మీ ఊరికి పోతే నేను పని ఎట్ల సేసేది?" అంది అక్క. "నిమ్మకాయ పెట్టుకుని ఇప్పుడు నడిపించుకుంటా, నీ శాస్త్రం ఆదివారం తర్వాత సూస్తాం."

"సగంలో మళ్ళీ ఆరిపోతే?"

అక్క స్క్రీను వైరు ఊడదీసి పెట్టెను నా వైపు తోసింది. నేను పారేసిన కాయ రెండు రోజులే నిలిచింది. పెట్టెను బస్సులో ఒళ్ళో పడుకోబెట్టుకుని మదనపల్లె తెచ్చాను. మా ఇంట్లో బల్ల మీద అట్లాగే పడుకోబెట్టి ఆన్ చేశాను. బొమ్మ వచ్చింది. గురువారమంతా నడిపాను, ఒక్కసారి కూడా ఆగలేదు. నా సిద్ధాంతం రుజువైందని మురిసిపోయాను. ఇంట్లోని యూపీఎస్ కూడా సంచిలో వేసుకుని శుక్రవారం పొద్దున్నే పుంగనూరు చేరాను. పెట్టెను స్టూడియోలో దాని చోట నిలబెట్టి, యూపీఎస్‌కు తగిలించి, ఆన్ చేశాను.

నలుపు.

బావ తలుపు దగ్గర కుర్చీలో కూర్చున్నాడు. స్క్రీను ఆయనకు సరిగా కనబడదు, కానీ మా ఇద్దరి నిశ్శబ్దం వినబడింది.

"ఏం మరదలా, మీ ఊర్లో నడస్తాది, మా ఊర్లో నడవదు. దిష్టి మా ఊర్లోనే ఉండాదన్న మాట."

"బావా, కొంచెం ఉండండి."

"ఉంటా. ఆదివారం ఉండదు కదా. నీ సిద్ధాంతం గెలవాల, మీ అక్క పని ఓడాల, అంతేనా?"

వేళాకోళంగా మొదలుపెట్టాడు కానీ చివరికొచ్చేసరికి గొంతు అట్లా లేదు. తీసేయాలని ముందు అన్నది ఆయనే. ఇప్పుడు ఆ బోర్డు పోతుందేమోనని భయపడుతున్నదీ ఆయనే.

అక్క లోపలికి పోయి వచ్చింది. చేతిలో దేవుడి ముందు పెట్టి తెచ్చిన నిగనిగలాడే నిమ్మకాయ.

"పెట్టు."

"అక్కా!"

"నువ్వే పెట్టు. నేను పెడితే నా భక్తి అంటావు. మీటింగుల్లో ఏమంటావు నువ్వు? ఎదటోడు చెప్పేది నమ్మొద్దు, పరీక్ష చేసి సూడండి అంటావా లేదా? వెనక బెంచీలో కూర్చుని వినింటాను. పరీక్ష చెయ్యి."

నా మాట నాకే తిరిగి తగిలింది. మిషన్ ఆపి కాయ తీసుకున్నాను. కార్డు కిందికి అది ఊరికే దూరలేదు. కొంచెం ఒత్తాల్సి వచ్చింది. ఒత్తుతుంటే కార్డు చివర వెంట్రుకంత పైకి లేచింది. అప్పుడు దాన్ని గమనించాను కానీ పట్టించుకోలేదు. ఆన్ చేశాను.

బొమ్మ వచ్చింది.

బావ చప్పట్లు కొట్టాడు. అక్క కొట్టలేదు. నా మొహం చూస్తోంది.

మిషన్ ఆపి కాయ తీశాను. ఆన్ చేస్తే నలుపు. మళ్ళీ పెట్టాను. బొమ్మ. ఇక్కడ కాకతాళీయం లేదు. కాకి వాలిన ప్రతిసారీ పండు రాలుతోంది. ఒక్క క్షణం, ఒప్పుకోవాలి, ఆ పసుపురంగు కాయను భయంగానే చూశాను. ఆ క్షణంలోనే గుర్తొచ్చింది: బుధవారం నేను పారేసిన కాయ. అది కూడా నిమ్మకాయే. దానికీ ఇదే పూజ చేసింది. అయినా అది పెట్టెలో ఉండగానే స్క్రీను ఆరిపోయింది.

వంగి చెత్తబుట్ట కుమ్మరించాను.

"సెత్తలో ఏం ఎతుకుతాండావు పాపా?"

"నీ పాత దేవుణ్ణి."

దొరికింది. కార్డు కింద పెట్టాను. అది ఎక్కడా ఆనలేదు, అటూ ఇటూ దొర్లింది. ఆన్ చేస్తే నలుపు. రెండు కాయలనూ అరచేతిలో పక్కపక్కన పెట్టి చూశాను. మంత్రం ఒకటే, చేయి ఒకటే, పెట్టిన చోటు ఒకటే. తేడా లావులో ఉంది. వాడిన కాయ కాస్త సన్నబడింది.

"బావా, ఈ కొత్త కాయంత ఎత్తుండే వస్తువు ఏదన్నా కావాల. పూజ చేయనిది."

బావ లేచి గోడ అర దగ్గరికి పోయాడు. ఆయనకు ఆ గదిలో కళ్ళతో పనిలేదు. తడిమి తెచ్చి నా చేతిలో పెట్టాడు: పూర్వం ఫొటో రీళ్ళు వచ్చే చిన్న గుండ్రటి ప్లాస్టిక్ డబ్బా. నల్ల ఒళ్ళు, బూడిదరంగు మూత. ఆ అరలో అట్లాంటివి వరసగా ఉన్నాయి. సెల్‌ఫోన్ల అంగడి వస్తే వాటిని ఏం చేసేవాడో నేను అడగలేదు.

నిమ్మకాయ తీసి డబ్బా నిలబెట్టాను. కార్డు చివర దాని మూత మీద ఆనింది. ఆన్ చేశాను. బొమ్మ వచ్చింది. డబ్బా తీసి, ఏమీ పెట్టకుండా పెట్టెను పడుకోబెట్టాను. అప్పుడూ వచ్చింది. మదనపల్లె బల్ల మీద ఎందుకు నడిచిందో తెలిసిపోయింది. నా సిద్ధాంతంలోని పుంగనూరు కరెంటుకు ఏ పాపమూ తెలియదు.

సంగతి ఇంతే. పెట్టె నిలబడితే ఆ బరువైన కార్డు ఒక్క మర మీద వేలాడుతూ చివర కిందికి వాలుతోంది. గాడిలో దాని అంచు రవ్వంత జరిగి పట్టు తప్పుతోంది. లావుపాటి తాజా కాయ దాన్ని ఎత్తి పట్టుకుంది. మిషన్ వేడికి కాయ ఎండి చిక్కితే కార్డు మళ్ళీ జారింది. ఆఖరి పనిలో వేడి ఎక్కువ కాబట్టి కాయ తొందరగా వాడింది. పెట్టెను పడుకోబెడితే వేలాడేదే లేదు. పిల్లలకు బరువులూ భూమ్యాకర్షణా చెప్పి పెన్షను తీసుకునే నేను వైర్లు చూశాను, కరెంటు చూశాను, ఆ ఇటుక బరువును చూడలేదు. అక్క చెప్పినదాంట్లో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఎప్పుడు వస్తోందో, ఎప్పుడు పోతోందో, ఏది మారిస్తే మారుతోందో, అన్నీ సరిగ్గా చెప్పింది. నిమ్మకాయ అన్న మాట చెవిన పడగానే మిగతాదంతా వినడం మానేసింది నేను.

"అయితే నా నిమ్మకాయే పని చేసింది కదా?" అంది అక్క.

"చేసింది. కానీ దిష్టి తీయలేదు. బరువు మోసింది."

"మోసింది కదా?"

"మోసింది."

"అంతే సాలు" అని తాజా కాయ తీసుకుని లోపలికి పోయింది. కాసేపటికి అది రెండు చెక్కలై, నీళ్ళలో పిండుకుని, ఉప్పు వేసుకుని ముగ్గురికీ గ్లాసుల్లో వచ్చింది.

పెట్టెను నిలబెట్టి, కార్డు కింద డబ్బా పెట్టుకుని, అక్క ఆఖరి పని ఆ పూటే మళ్ళీ మొదలుపెట్టింది. రేకును సుత్తితో సరిచేసి రెండో మర కూడా బిగిద్దామన్నాను. "ఆదివారం అయ్యేదాకా దాన్ని ముట్టుకున్నావంటే చెయ్యి ఇరుస్తా" అంది. శనివారం మధ్యాహ్నానికి సినిమా పూర్తయింది. స్క్రీను ఒక్కసారి కూడా ఆరలేదు.

ఆదివారం ముగ్గురం పలమనేరు మీదుగా కుప్పం పోయాము. అక్క సినిమా ఉన్న పెన్‌డ్రైవును కొంగుకు ముడి వేసుకుంది. ఇంకోటి నా సంచిలో వేసింది. మూడోది బావ జేబులో పెట్టింది. పెళ్ళివారింటి హాల్లో పెద్ద టీవీ ముందు చాపలు పరిచారు. తెలుగు, తమిళం, కన్నడం కలగలిపి అరుచుకుంటూ జనం కూర్చున్నారు. సినిమా మొదలైంది. ఎవరు కనబడితే వాళ్ళ పేరుతో కేకలు వేశారు. పెళ్ళికూతురి నాయనమ్మ, తాను సాంబారు గిన్నె దగ్గర వంటమనిషితో పోట్లాడుతున్న ముక్క వచ్చేసరికి, "ఇది కూడా పెట్టేస్తిరా అమ్మా!" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. దాన్ని మళ్ళీ ఒకసారి వేయమన్నారు. అక్క మాత్రం టీవీ వైపు చూడలేదు. గోడకు ఆనుకుని జనం మొహాలనే చూస్తూ నిలబడింది.

బావ టీవీకి జానెడు దూరంలో, పిల్లల మధ్య కూర్చున్నాడు. మొదటి నుంచి చివరిదాకా తల కదపలేదు. భోజనాల దగ్గర అందరూ మెచ్చుకున్నారు. ఆయన ఒక్క మాట అనలేదు. వక్కాకు వేసుకున్నాడు. బస్సు ఎక్కాడు. అక్క కిటికీ పక్కన కూర్చుంది. మధ్యలో నేను. అటు బావ.

కుప్పం దాటి చాలా దూరం వచ్చాక బావ నా మీదుగా వంగి అక్కతో అన్నాడు: "తాళి కట్టినాక అక్షింతలు పడతాండేది తొందరగా కోసేసినావు."

"నిడివి ఎక్కువైతాది."

"అయితే కానీ. తలమీద పడి, భుజం మీద పడి, కిందికి రాలేదాకా సూపించాల. అప్పుడే కదా ఆ పిల్ల మొహంలో నవ్వొచ్చింది. ఇంగోతూరి అట్ల కోయొద్దు."

అక్క కిటికీ బయటికే చూస్తోంది. అంతలో బావ ఫోను మోగింది. పేరు చదవమని నాకు ఇచ్చాడు. సెల్‌ఫోన్ల అంగడి మనిషి. బావ ఫోను తీసుకుని, బస్సు రొదకు గట్టిగా, అందరికీ వినబడేటట్టు చెప్పాడు:

"రూము యాడుండాదప్పా? దాంట్లో మా ఇంటామె పని చేస్తాండాది."

అక్క తల తిప్పలేదు. చెయ్యి మాత్రం ఇటు చాచి, చిన్నప్పుడు నేను కప్పల పెళ్ళి దగ్గర అరిచినప్పుడు గిల్లినట్టే, నా మోకాలి మీద గట్టిగా గిల్లింది.